పాత రేసింగ్ కార్టు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి

పాత రేసింగ్ కార్టు, అంటే గో-కార్ట్ అనే చిన్న రేసు బండి, చేతికొస్తే ఎవరైనా మొదట చూసేది ఇంజనే. తిరుగుతోందా, పట్టేసిందా, స్పేర్లు దొరుకుతాయా అని. మీరు మాత్రం ఇంజన్ విప్పి, గోనెసంచిలో చుట్టి షెడ్డులో ఓ మూల పెట్టేయండి. ఇంజన్ ఎప్పటికైనా బాగవుతుంది, కాకపోతే ఇంకొకటి దొరుకుతుంది. ఫ్రేము పాడైతే మాత్రం మిగిలేది కార్టు కాదు, నాలుగు చక్రాలున్న ఇనుప బల్ల.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. కార్టుకి స్ప్రింగులుండవు, షాక్ అబ్జార్బర్లుండవు. వెనక ఇరుసు ఒకటే కడ్డీ. కారులో ఉన్నట్టు డిఫరెన్షియల్ లేదు కాబట్టి వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ దూరం. రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే బండి మొండికేసి తిన్నగా పోతుంది. అందుకని స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాల్లో లోపలి వైపుది కిందికి నొక్కుతుంది, బయటిది పైకి జరుగుతుంది. ఆ ఒత్తిడికి ఫ్రేము కాస్త మెలితిరుగుతుంది, లోపలి వెనక చక్రం నేలమీద బరువు వదిలేస్తుంది, బండి తిరుగుతుంది. అంటే ఈ బండికి స్ప్రింగు వేరే లేదు, ఫ్రేమే స్ప్రింగు.

మన ఊళ్లలో చిక్కంతా ఇక్కడే. విజయనగరంలోగానీ శ్రీకాకుళంలోగానీ మీరు వెళ్లే వెల్డింగ్ షాపులో రోజూ చేసేవి ట్రాక్టర్ తొట్టెలు, ఆటో ట్రాలీలు, ఇంటి గేట్లు. ఏది విరిగినా పక్కన ఇంకో పట్టీ వేసి గట్టిచేయడం అక్కడి పద్ధతి. తొట్టెకి అదే సరైన వైద్యం. మీ ఫ్రేము చూడగానే మేస్త్రీ అనే మాట కూడా అదే: "అడ్డంగా ఇంకో పైపు ఏసేస్తే గట్టిగుంటాది బాబూ, మరి ఇరగదు." మంచి మనసుతోనే అంటాడు. ఒప్పుకున్నారా, ఆ పైపు పడ్డాక ఫ్రేము మెలితిరగదు, బండి మలుపు తిరగదు. ఒరిజినల్‌లో లేని పైపు, పట్టీ, రేకు ముక్క ఏదీ ఈ పనిలో కొత్తగా చేరకూడదు. షాపు మెట్లెక్కే ముందే ఈ మాట మీలో మీరు ఖాయం చేసుకోండి.

ఏ కాలంది?

విప్పే ముందు వయసు తేల్చుకోవాలి. దీనికి కొంచెం చరిత్ర కావాలి.

మొదటి కార్టు పుట్టింది 1956లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో. కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల కంపెనీలో పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్ దాన్ని కట్టాడు, స్నేహితుడు లూ బొరెల్లి తోడయ్యాడు. దానికి పెట్టింది గడ్డి కోసే మిషన్ల కోసం చేసిన వెస్ట్ బెండ్ టూ స్ట్రోక్ ఇంజన్, రెండున్నర హార్స్ పవర్. పాసడీనాలో రోజ్ బౌల్ స్టేడియం పార్కింగ్ స్థలంలో తిప్పుతుంటే చూసినవాళ్లంతా మాకూ కావాలన్నారు. అప్పటికే కార్లతో పేరున్న రేసర్ డఫీ లివింగ్‌స్టోన్, ఇంకొందరు కలిసి గో కార్ట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టి, ఇంట్లో బిగించుకునే కిట్లుగా అమ్మారు. 1959లో మెక్‌కలక్ కంపెనీ తన చెట్లు కోసే రంపం ఇంజన్‌ని మార్చి ఎంసీ-10 అని కార్టుల కోసమే విడుదల చేసింది. పెరట్లో ఆట వస్తువు అక్కడి నుంచి రేసు బండి అయింది.

తర్వాతి కథ ఇటలీది. 1962లో అంతర్జాతీయ కార్టింగ్ సంఘం సీఐకే ఏర్పడింది. 1964లో రోమ్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీ గెలిచింది గ్విడో సాలా, టెక్నో కంపెనీ ఫ్రేము, పరిల్లా కంపెనీ ఇంజన్‌తో. 1966లో ప్రపంచ విజేత ఒక అమ్మాయి, సుసానా రగనెల్లి. ఈ సంగతి ఎందుకో ఎవరూ చెప్పుకోరు. అందరూ చెప్పుకునే ఫార్ములా వన్ రేసర్ ఐర్టన్ సెన్నా 1979లోనూ 1980లోనూ రెండో స్థానం దగ్గరే ఆగిపోయాడు. కార్టుల్లో ప్రపంచ టైటిల్ ఆయనకు చివరిదాకా దక్కలేదు.

ఇక మీ బండి దగ్గరికి రండి. ఇంజన్ సీటు వెనక ఉంటే 1950ల చివర, 1960ల మొదటి కాలం పద్ధతి. సీటు పక్కన ఉంటే 1960ల మధ్య నుంచి ఇటువైపుది. క్లచ్ అనేదే లేకుండా ఇంజన్ స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్లచక్రం) నుంచి నేరుగా ఇరుసుకు చైన్ ఉంటే, అది యూరప్ పద్ధతి 100 సీసీ డైరెక్ట్ డ్రైవ్. దాన్ని తోసి స్టార్ట్ చేయాలి, బండి ఆగితే ఇంజనూ ఆగుతుంది. ఇరుసు మందం కొలవండి. 25 మి.మీ. గట్టి కడ్డీ అయితే పాతది. 40, 50 మి.మీ. బోలు ఇరుసులు బాగా తర్వాతివి. పక్కలకీ ముందుకీ ప్లాస్టిక్ కవచాలుంటే అవీ తర్వాతి కాలానివే, పాత కార్టులు ఒట్టి పైపులతో నగ్నంగా ఉంటాయి. చైన్‌లో 10 లింకుల పొడవు కొలిస్తే 95 మి.మీ. దగ్గర వచ్చిందా, అది 35 నంబరు చైన్. 78 దగ్గర వచ్చిందా, 219. స్ప్రాకెట్లు వెతికేటప్పుడు ఈ ఒక్క కొలత మీకు చాలా ఫోన్‌కాల్స్ తప్పిస్తుంది.

ఎక్కడ దొరుకుతుంది, ఏం చూడాలి

మన రెండు జిల్లాల తుక్కు కొట్లలో ఇటాలియన్ ఫ్రేము తగులుతుందని ఆశ పెట్టుకోవద్దు. అడగాల్సింది చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు వైపు. చెన్నై దగ్గర షోలవరం పాత రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల నుంచీ ఆ పిచ్చి ఉన్న ఊళ్లవి. మన దగ్గర దొరికేవి రెండు రకాలు. పార్కుల్లో అద్దెకు తిప్పి పక్కన పడేసిన హోండా జీఎక్స్ ఇంజన్ బండ్లు ఒకటి, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు పోటీల కోసం కట్టి వదిలేసినవి రెండోది. రెండూ వింటేజ్ కావు. అయినా చేతికి పని అలవడాలంటే ముందు అలాంటిది ఒకటి తక్కువలో కొని విప్పి బిగించండి. ఖరీదైన ఫ్రేము మీద మొదటి పాఠాలు నేర్చుకోవడం దేనికి?

కొనేటప్పుడు ఇంజన్ శబ్దానికి మురిసిపోవద్దు. బండిని పక్కకి ఒరగేసి అడుగు చూడండి. కింది పైపులు నేలకి రాసుకుని చదునుగా అరిగి ఉంటాయి, కొంచెం అయితే ఫర్వాలేదు. చిన్న సుత్తితో ఆ పైపు పొడవునా తడుతూ పోండి. మంచి చోట కంగుమంటుంది, గోడ పలచబడ్డ చోట డబ్బా రేకులా పలుకుతుంది. తర్వాత నంబరు. ఫ్రేము మీద కొట్టిన నంబరుగానీ, రివెట్ చేసిన చిన్న రేకుగానీ ఉంటే ఫోటో తీసుకోండి. దాని మీద పెయింటున్నా గీకొద్దు. ఆ రేకు లేకపోతే బండి ఏ కంపెనీదో తేల్చడానికి పైపుల వంపులే దిక్కు.

విప్పడం, తుప్పు

విప్పే ముందు ఫోటోలు తీయండి, విప్పుతూ తీయండి. ఇరుసుకి ఏ వైపు ఎన్ని వాషర్లున్నాయి, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే నిలువు బోల్టు) కింద ఏ మందం స్పేసర్ ఉంది అన్నవి తర్వాత గుర్తుండవు. పలాస జీడిపప్పు వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు ఇలాంటి బోల్టులకి బ్రహ్మాండంగా సరిపోతాయి. మూతమీద పేరు రాసి, లోపల వేసి, వరసగా పేర్చండి.

ఫ్రేము తుప్పుకి మనవాళ్లు వెంటనే చెప్పేది సాండ్ బ్లాస్టింగ్. వద్దనను, కానీ ముతక ఇసుక, ఎక్కువ ప్రెజర్ పెడితే పలచబడిన పైపు ఇంకా పలచబడుతుంది. బేరింగ్ కూర్చునే చోట్లు, కింగ్‌పిన్ రంధ్రాలు గుడ్డతోనూ టేపుతోనూ మూయకుండా ఇవ్వొద్దు. నన్నడిగితే వైరు బ్రష్షు, ఎమెరీ పేపరు, ఓపిక చాలు.

చిన్న ఇనుప భాగాలకి ఇంకో పద్ధతి ఉంది. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి, నాలుగు చెంచాల చాకలి సోడా కలపండి. బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తీగ తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగ ఓ పాత ఇనుప కడ్డీకి కట్టి, రెండూ తగలకుండా ముంచండి. ఒక రాత్రికి తుప్పు బురదలా ఊడిపోతుంది. ఆ కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం కాకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, పక్కన బీడీ కాల్చకూడదు. అల్యూమినియం, స్ప్రింగులు, హైటెన్సైల్ బోల్టులు అందులో వేయొద్దు. హైడ్రోజన్ లోపలికి ఇంకిన గట్టి ఉక్కు పెళుసై పుటుక్కున విరుగుతుంది.

గ్రానైట్ పలక మీద కొలత

ఇక అసలు పని. ఫ్రేము మెలితిరిగి ఉండిపోయిందా, తిన్నగానే ఉందా తేల్చాలంటే చదునైన జాగా కావాలి. సిమెంటు గచ్చు పనికిరాదు, కంటికి కనబడని ఎత్తుపల్లాలుంటాయి. ఈ విషయంలో శ్రీకాకుళం జిల్లావాళ్లకి అదృష్టం పక్కనే ఉంది. టెక్కలి వైపు గ్రానైట్ పాలిష్ యూనిట్లలో అంచు విరిగి పక్కన పెట్టేసిన పెద్ద పలక ఒకటి బేరమాడి తెచ్చుకోండి. శ్రీకాకుళం బ్లూ ఎందరి ఇళ్లలోనో నేల అవుతోంది, మీకు కొలబల్ల అవుతుంది. కొలతల ల్యాబుల్లో వాడే పలకంత ఖచ్చితం కాదు గానీ, ఈ పనికి మిల్లీమీటరు తేడా పట్టుకుంటే చాలు.

పలకని ఇసుక పరుపు మీద వేసి, రసమట్టంతో రెండు వైపులా సరిచూడండి. లేత్‌లో ఒకే ఎత్తుకి కోయించిన నాలుగు ఇనుప దిమ్మలు ఫ్రేము నాలుగు మూలల కిందా పెట్టండి, రెండు ఇరుసు బేరింగుల దగ్గర, రెండు ముందు పైపు కింద. కొలిచే ముందు సీటు విప్పేసి ఉండాలి. సీటు బోల్టులు బిగించి ఉంటే ఆ సీటే ఫ్రేముని ఒక పక్కకి లాగిపెట్టి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇప్పుడు ఒక్కో మూల కింద ఫీలర్ గేజ్, అంటే మందం రాసి ఉన్న పలచటి కొలత రేకులు, దూర్చి చూడండి. మూడు మూలలు ఆని నాలుగోది లేచి ఉంటే ఆ ఖాళీ ఎంతో రాసుకోండి. 1 మి.మీ. లోపు అయితే వదిలేయండి. 2 దాటితే సరిచేయాలి.

తర్వాత కర్ణాలు. ఎడమ కింగ్‌పిన్ నుంచి కుడి బేరింగ్ మధ్యకీ, కుడి కింగ్‌పిన్ నుంచి ఎడమ బేరింగ్ మధ్యకీ స్టీలు టేపుతో కొలవండి. రెండూ 2 మి.మీ. లోపు కలవాలి. కలవలేదంటే ఎప్పుడో ఒక చక్రం దేన్నో గుద్దింది.

సరిచేయడానికి గ్యాస్ మంట పెట్టనివ్వొద్దు. ఎర్రగా కాల్చి వంచితే వంగుతుంది, నిజమే, కానీ అక్కడ ఉక్కు గుణం మారిపోతుంది. ఒకవైపు మెత్తగా, ఒకవైపు బిరుసుగా ఉన్న స్ప్రింగు ఎలా పనిచేస్తుందో అలా తయారవుతుంది. చల్లగా ఉండగానే గొలుసుతో బలమైన దూలానికి కట్టి, హైడ్రాలిక్ జాకీతో కొద్దికొద్దిగా నెట్టాలి. వదిలితే కొంత వెనక్కొస్తుంది కాబట్టి కావలసిన దానికంటే కాస్త ఎక్కువ నెట్టి, వదిలి, పలక మీద పెట్టి చూసి, మళ్లీ నెట్టాలి. ఒక పూట పని అనుకుని కూర్చోకండి.

పగుళ్లు, వెల్డింగ్

పగుళ్లు ఎక్కువగా వచ్చేవి ఇరుసు బేరింగులు పట్టే హ్యాంగర్ల చుట్టూ, సీటు పట్టీల మొదళ్లలో, స్టీరింగ్ కాలమ్ ఆనిక దగ్గర, ముందు అడ్డపైపు కీలుల దగ్గర. పగుల్లోకి ఇంకి దాన్ని రంగుతో చూపించే డై పెనెట్రెంట్ స్ప్రేలు దొరికితే మంచిది. దొరక్కపోతే పాత పద్ధతి ఉంది. అనుమానం ఉన్న చోట పెయింటు తీసి, కిరోసిన్‌గానీ డీజిల్‌గానీ రాసి పావుగంట ఉంచండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బడిలో వాడే సుద్దముక్కని ఆ చోటంతా తెల్లగా రుద్దండి. టీ తాగి వచ్చేసరికి పగులున్న చోట లోపలి నూనె పైకి ఊరి, తెల్లటి సుద్దలో వెంట్రుకంత తడి గీత కనబడుతుంది. ఆ గీత రెండు కొనలూ పెన్సిల్‌తో గుర్తుపెట్టండి.

కొనల దగ్గర 2 మి.మీ. రంధ్రాలు వేయిస్తే పగులు ముందుకి పాకదు. తర్వాత ఆ గీత పొడవునా వీ ఆకారంలో గాడి తీసి నింపాలి. మామూలు ఆర్క్ వెల్డింగ్ వద్దు, 2 మి.మీ. గోడ ఉన్న పైపుకి బొక్క పడుతుంది. స్టెయిన్‌లెస్ రెయిలింగులు చేసే షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి. వాళ్ల దగ్గర ఉండేది స్టెయిన్‌లెస్ ఫిల్లర్ తీగ. మీరు మామూలు ఉక్కుకి వాడే ఇఆర్70ఎస్-2 రకం తీగ కొని పట్టుకెళ్లి, ఇదే వాడమని చెప్పి, పక్కన నిలబడండి.

ఇంకో సంగతికి కూడా పక్కన నిలబడాలి. వెల్డింగ్ అయిన వెంటనే కుర్రాడు మగ్గుతో నీళ్లు కొట్టడానికి వస్తాడు, గేట్లకి రోజూ చేసే పనే. ఆపండి. చాలా రేసింగ్ ఫ్రేములు క్రోమ్-మాలిబ్డినం ఉక్కు. ఎర్రగా ఉండగా నీళ్లు పడితే అతుకు పక్కనే గాజులా పెళుసవుతుంది, కొత్త పగులు సరిగ్గా అక్కడే వస్తుంది. గాలికి దానంతటదే చల్లారాలి, ఫ్యాను కూడా వద్దు.

చక్రాలు, బోల్టులు, బ్రేకు

పాత రేసింగ్ కార్టుల రిమ్ములు, కొన్ని ఇంజన్ భాగాలు మెగ్నీషియంతో పోతపోసినవి. అల్యూమినియంలాగే కనబడతాయి, చేతికి మరీ తేలిక. ఓ మూల గీకి ఒక చుక్క వెనిగర్ వేయండి. నురగ పొంగితే మెగ్నీషియం. అప్పుడు గ్రైండర్ జోలికి పోవద్దు. ఆ పొడి అంటుకుంటే తెల్లటి వెలుగుతో మండుతుంది, నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. పని చేసే చోట పొడి ఇసుక బకెట్ పెట్టుకుని, చేత్తోనే ఎమెరీ పట్టండి, రాలిన పొడి వెంటనే ఎత్తేయండి. రిమ్ము మీద పగులుంటే అది గోడకి తగిలించుకునే వస్తువు, బండికి బిగించేది కాదు.

కింగ్‌పిన్, స్టీరింగ్, బ్రేకు, చక్రాల బోల్టులు మొత్తం కొత్తవి వేయండి. ఒరిజినల్ మీద ప్రేమ ఇక్కడ పనికిరాదు. తల మీద 8.8 గానీ 10.9 గానీ అచ్చు ఉన్న బోల్టులే కొనండి, లోపల నైలాన్ రింగుండే నైలాక్ నట్లు ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దు. ఇరుసు తిన్నగా ఉందో లేదో చూడాలంటే బేరింగుల్లో పెట్టి, పక్కన ఓ మేకు గీరుకోనంత దగ్గరగా నిలబెట్టి, చేత్తో తిప్పండి. మేకుకీ ఇరుసుకీ మధ్య ఖాళీ పెరిగి తగ్గుతూ ఉంటే వంకర.

చాలా పాత కార్టులకి బ్రేకు వెనక ఇరుసు మీద ఒక్కటే. తీగ బ్రేకైతే తీగ కొత్తది, దానికి తోడు రెండో తీగ. హైడ్రాలిక్ అయితే సీళ్లన్నీ కొత్తవి. ఇంజన్ బిగించే ముందే బ్రేకు పూర్తవ్వాలి, కుర్రాళ్లకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

ఇంజన్, ఆముదం

మూల పెట్టిన గోనెసంచి ఇప్పుడు తెరవండి. పట్టేసిన ఇంజన్‌ని పానాతో బలవంతంగా తిప్పొద్దు. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి వారం వదిలేయండి. మధ్యలో ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించండి.

విప్పాక లోపలంతా తేనెరంగు లక్కలాంటి పూత కనబడితే కంగారుపడకండి, అది ఆముదం. ఆ రోజుల్లో రేసు ఇంజన్లకి పెట్రోల్‌లో ఆముదం నూనె కలిపేవారు. ఇంజన్ ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకునే గుణం దానిది. 100 సీసీ ఇంజన్ నిమిషానికి 15,000 చుట్లు దాటి తిరిగేటప్పుడు ఆ గుణమే పిస్టన్‌ని కాపాడింది. వదలకపోవడమే దాని దోషం కూడా. ఏళ్లు గడిచేసరికి గట్టిపడి రింగుల్ని గాడిలోనే అతికించేస్తుంది, పెట్రోల్‌తో కడిగితే కదలదు. కారు రేడియేటర్ కూలెంట్, నీళ్లు కలపనిది, ఓ పాత గిన్నెలో పోసి, భాగాలు ముంచి, కరెంటు పొయ్యి మీద సన్నసెగన కొన్ని గంటలు ఉంచితే మెత్తబడి ఊడుతుంది. ఆరుబయటే చేయండి. మెగ్నీషియం భాగాలు, రబ్బరు సీళ్లు అందులో వేయొద్దు. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, ఆ ద్రవం పిల్లలకీ కుక్కలకీ అందకూడదు. తియ్యగా ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

మరి మన ఊళ్లో గానుగ ఆముదం ఉంది కదా, అదే కలిపేద్దామా అని అడిగేవారు ఎప్పుడూ ఒకరుంటారు. వద్దు. అందులో ఉండే జిగురు తీయకపోతే ఇప్పుడు మీరు కష్టపడి ఊడదీసిన లక్కే మళ్లీ రెట్టింపు పేరుకుంటుంది. కార్టు రేసింగ్ కోసమే అమ్మే ఆముదం బేస్ టూ స్ట్రోక్ ఆయిల్ తెప్పించుకుని, లీటరు పెట్రోల్‌కి 50 మి.లీ. కలపండి. రీబోర్ (అరిగిన సిలిండర్‌ని కోసి కాస్త పెద్దది చేయడం) చేసిన కొత్తలో 60 దాకా వేయొచ్చు. స్కూటర్‌కి పోసినట్టు 20 మి.లీ. పోస్తే మొదటి రౌండ్లోనే పట్టేస్తుంది.

సిలిండర్ అరిగితే రీబోర్ తప్పదు. ఒకప్పుడు రాజ్‌దూత్, లూనా, బజాజ్ స్కూటర్ సిలిండర్లు బోరు కొట్టిన పెద్ద మేస్త్రీలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లనే వెతికి పట్టుకోండి. ప్లగ్‌కి నిప్పురవ్వ అందించే పాయింట్స్ శుభ్రం చేసి గ్యాప్ పెట్టడం వాళ్ల చేతికి తెలిసిన పని, ఇప్పటి కుర్రాళ్లు పాయింట్స్ చూసే ఉండరు. పిస్టన్ దొరక్కపోతే అందరికీ తట్టే ఉపాయం యమహా ఆర్ఎక్స్ 100 బైకు పిస్టన్, దాని బోరు 50 మి.మీ. కాబట్టి. బోరు కలిసినంత మాత్రాన సరిపోదు. పిన్ను నుంచి తల దాకా ఎత్తు కలవాలి. రింగు కొనలు నిలబెట్టే చిన్న మేకు ఎక్కడుందో చూడాలి. ఆ కొనలు సిలిండర్ గోడలోని పోర్టు కిటికీకి ఎదురుగా వచ్చాయంటే బయటికి విచ్చుకుని కిటికీ అంచుకి తగులుకుంటాయి, రింగు ముక్కలై సిలిండర్ గీసుకుపోతుంది.

క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్లు ఎలా ఉన్నా మార్చండి. డయాఫ్రమ్ కార్బొరేటర్‌కి కొత్త కిట్ వేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ తగ్గించే, పెంచే సూదులు రెండూ మెల్లగా పూర్తిగా మూసి, చుట్టున్నర తెరిచి మొదలుపెట్టండి. పెట్రోల్ ఎక్కువైతే ఇంజన్ పొగ కక్కుతుంది, తక్కువైతే కరిగిపోతుంది. ఏది మేలో మీరే చెప్పండి.

రంగు

రంగు గురించి ఎక్కువ చెప్పను. సీటు పట్టీ కింద, నంబరు రేకు అంచున తడి ఎమెరీతో నెమ్మదిగా రుద్దితే పొర తర్వాత పొర ఊడి చివరికి కంపెనీ వేసిన అసలు రంగు కనబడుతుంది. అదే వేయించండి. పౌడర్ కోటింగ్ మందంగా పడి రేపటి పగుళ్లని దాచేస్తుంది, పలచటి స్ప్రే పెయింటే నయం. జూన్ నుంచి నవంబర్ దాకా, వానా తుపాను ఉన్నన్నాళ్లూ, మన గాలిలో తేమకి పెయింటు మీద తెల్లటి మసక వస్తుంది. సంక్రాంతి వెళ్లాక, జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా వేయండి. పాత పూత ముప్పావు వంతు బాగుంటే అసలు వేయకుండా నూనె గుడ్డతో తుడిచి వదిలేయడమే నా సలహా.

బిగించడం, నడపడం

సీటు బిగించేటప్పుడు పట్టీకీ సీటుకీ మధ్య ఖాళీ ఉంటే బోల్టుతో లాగి కలపొద్దు, ఆ ఖాళీలో వాషర్లు నింపండి. లాగి బిగిస్తే గ్రానైట్ మీద చేసిన పనంతా వృథా. మీరు సీట్లో కూర్చుని నాలుగు చక్రాల కిందా ఒకే రకం బరువు కాటాలు పెట్టి చూడండి. మొత్తం బరువులో 43 శాతం దాకా ముందు, మిగతాది వెనక పడితే బాగుంటుంది. ఎడమ ముందు చక్రానికీ కుడి ముందు చక్రానికీ పెద్ద తేడా ఉంటే మళ్లీ పలక దగ్గరికి వెళ్లాలి.

రోడ్డు మీదికి తేవడం చట్టరీత్యా కుదరదు, ఊరి బయట రోడ్డయినా సరే. నంబరు ప్లేటుండదు, లారీ డ్రైవరుకి మీరు కనబడరు. కాలేజీ ఆవరణో, రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లమో అనుమతి అడిగి తీసుకోండి. కళ్లం అయితే ముందు శుభ్రంగా ఊడ్పించండి, టైరు కింద వడ్లగింజలు గోలీల్లా దొర్లుతాయి, బ్రేకు పట్టదు. హెల్మెట్, బూట్లు, చేతులకు గ్లోవ్స్ ఉండాలి. లుంగీ, మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ ఉన్నవాళ్లు బండి దరిదాపుల్లో ఉండకూడదు, వెనక తిరిగేది గార్డు సరిగా లేని పాత చైన్. సీటు బెల్టు ఏదని ఇంట్లో అడుగుతారు. రేసింగ్ కార్టుకి బెల్టు ఉండదు, పైన కాపాడే పంజరం లేని బండి బోల్తా పడితే మనిషి దాని కింద కట్టేసి ఉండటంకన్నా బయటపడటమే మేలు.

డైరెక్ట్ డ్రైవ్ అయితే వెనక ఒకరు బంపర్ పట్టి చక్రాలు లేపి, పరిగెత్తి, దించాలి. ఊపిరున్న కుర్రాణ్ని పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు సగం యాక్సిలరేటర్ దాటొద్దు. ఆపి, ప్లగ్ విప్పి చూడండి. కాఫీపొడి రంగులో ఉంటే సరే, తెల్లగా ఉంటే వెంటనే సూది ఇంకొంచెం తెరవండి. అన్ని బోల్టులూ మళ్లీ ఒకసారి పానాతో తాకండి, సుద్ద పరీక్ష చేసిన చోట్లు మళ్లీ చూడండి.

ఇంటికి తెచ్చాక ట్యాంకు, కార్బొరేటర్ పూర్తిగా ఖాళీ చేయండి. ఇథనాల్ పెట్రోల్ మన వాన గాలిలోని తేమ పీల్చి రెండు పొరలుగా విడిపోతుంది, కింద నిలిచిన నీళ్ల పొర అల్యూమినియాన్ని తినేస్తుంది. బండిని టైర్లు నేలకి ఆనకుండా స్టూళ్ల మీద ఎత్తి పెట్టండి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రపొడ్డు ఊళ్లయితే ఇరుసు మీదా చైన్ మీదా గ్రీజు పూసి ఉంచాలి, ఉప్పుగాలికి వారంలో ఎర్రబడుతుంది. నెలకోసారి ప్లగ్ రంధ్రంలో రెండు చుక్కలు ఆయిల్ వేసి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి, పిస్టన్ ప్రతిసారీ వేరే చోట ఆగేలా.